ఆజాదీ గేటు దగ్గర

1998 జూన్ 21 ఆదివారం. అర్ధరాత్రి దాటింది. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో నా గదిలో కూర్చుని థీసిస్‌లో ఒక అధ్యాయం దిద్దుకుంటున్నాను. రోడ్డుకి అవతల ఉన్న మెన్స్ హాస్టల్ నుంచి ఒక్కసారిగా పెద్ద కేక వినిపించింది. వెంటనే ఈలలు, కంచాల మీద గరిటెల మోత. కాసేపటికి ఇంకో కేక. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు నడుస్తోందని తెలుసు. వాళ్ళ కామన్ రూంలో టీవీ రాత్రంతా మోగుతూనే ఉంటుంది. మా టీవీ గదికి పదింటికల్లా తాళం పడుతుంది. ఆ తాళం మా క్షేమం కోసమేనని వార్డెన్ గారు ప్రతి ఏడాదీ మొదటి మీటింగులో చెప్పేవారు.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఆ తాళం నన్నేమీ బాధించలేదు. ఫుట్‌బాల్ చూడాలని నాకు లేదు. చిరాకుపడి కిటికీ మూసేశాను. తర్వాత పేపర్లో చూస్తే, ఇరాన్ అమెరికాని 2-1 గోల్స్‌తో ఓడించిందని ఉంది. కింద ఆటగాళ్ళు ఒకరినొకరు వాటేసుకున్న ఫోటో. రెండు దేశాల మగవాళ్ళు, ఒక బంతి, రెండు జెండాలు. ఇందులో మనకేముంది అనుకుని పేజీ తిప్పేశాను. అప్పటికే స్త్రీవాదం గురించి నాలుగైదు వ్యాసాలు రాసి ఉన్నాను కూడా.

అలా పేజీ తిప్పేయడం ఎంత తొందరపాటో తెలియడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

2004లో మా పై వాటాలోకి ఒక ఇరానీ అమ్మాయి అద్దెకి వచ్చింది. హైదరాబాదుకి చదువుకోడానికి వచ్చే ఇరానీ విద్యార్థులు అప్పట్లో బాగానే ఉండేవారు. నన్ను ‘ఖానుం’ అని పిలిచేది. ఆ ఫారసీ మాట మన ‘మేడం’ కంటే కొంచెం దగ్గరగా, ‘అక్కా’ కంటే కొంచెం దూరంగా వినిపించేది నాకు. ఆ మార్చి 24 రాత్రి లాహోర్‌లో భారత జట్టు పాకిస్తాన్ మీద వన్డే సిరీస్ గెలిచింది. మా వీధిలో టపాకాయలు, బైకుల మీద కుర్రాళ్ళు, హారన్లు. మేమిద్దరం బాల్కనీలో నిలబడి చూస్తున్నాం.

“ఆడవాళ్ళెవరూ కిందకి వెళ్ళరా ఖానుం?” అని అడిగింది.

“ఈ రాత్రి వెళితే ఏమవుతుందో మాకు తెలుసు” అన్నాను. తోపులాటలో మీద పడే చేతుల గురించి వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. తలూపింది. కాసేపాగి, “మేం వెళ్ళాం” అంది.

ఆ రాత్రి రెండింటిదాకా ఆమె చెప్పిన కథ, ఆ తర్వాత నేను వెతికి చదువుకున్న చరిత్ర కలిపి ఇక్కడ రాస్తున్నాను.

టెహరాన్‌లో ఒకప్పుడు లక్షమంది పట్టిన స్టేడియం ఒకటుంది. షా పాలనలో 1971లో ప్రారంభమైంది. 1974 ఆసియా క్రీడలు అక్కడే జరిగాయి. అప్పుడు దాని పేరు ఆర్యమెహర్, షా బిరుదుల్లో ఒకటి. 1979 విప్లవం తర్వాత దానికి ‘ఆజాదీ’ అని పేరు మార్చారు. ఈ మాటకి హైదరాబాదు వాళ్ళకి అర్థం చెప్పనక్కర్లేదు. షా కాలంలో ఆడవాళ్ళు ఆటకి వెళ్ళేవారు. డెబ్భైల్లో అక్కడ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది. స్టేడియానికి ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టాక రెండు మూడేళ్ళలోనే స్త్రీలని గేటు బయట ఆపేశారు. ఇలా ఆపాలని రాసిన చట్టమేదీ లేదు. మగవాళ్ళు బూతులు తిడతారు, ఆటగాళ్ళు పొట్టి నిక్కర్లు వేసుకుంటారు, ఆ వాతావరణం స్త్రీలకి తగదు అన్నారు. అంటే అదీ క్షేమం కోసమే. మా హాస్టల్ తాళానికీ ఆజాదీ గేటుకీ భాష ఒకటే.

ఈ విప్లవంలో స్త్రీలు లక్షల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. షా వెళ్ళిపోయి రెండు నెలలు తిరక్కుండానే, 1979 మార్చి 8న, వాళ్ళు మళ్ళీ టెహరాన్ వీధుల్లోకి రావాల్సి వచ్చింది. ఈసారి తల కప్పుకోవాలన్న ఒత్తిడికి వ్యతిరేకంగా. అప్పుడు చాలామంది పురుష విప్లవకారులు ఇది ముఖ్యమైన సమస్య కాదన్నారు. 1983 నాటికి తల కప్పుకోకపోవడం శిక్షించదగ్గ నేరమైంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని కలిసి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చిన స్త్రీ శక్తి సంఘటన పని తెలిసినవాళ్ళకి ఈ వరస కొత్తగా అనిపించదు. పోరాటంలో పిలిచారు, పోరాటం అయ్యాక ఇంటికి పొమ్మన్నారు.

ఇక ఆట సంగతి. 1978 తర్వాత ఇరాన్ ఇరవై ఏళ్ళపాటు ప్రపంచ కప్పు పోటీల మొహం చూడలేదు. 1998 పోటీలకి చేరే అవకాశాలు ఒక్కొక్కటే చేజారి, నవంబరు 16న జపాన్ చేతిలో 3-2తో ఓడిపోయాక, చివరికి ఒకే ఒక స్థానం మిగిలింది. దానికి ఆస్ట్రేలియాతో రెండు ఆటలు ఆడాలి. మొదటిది టెహరాన్‌లో 1-1తో సమానమైంది. రెండోది 1997 నవంబరు 29న, మెల్‌బోర్న్‌లో, ఎనభై అయిదు వేలమంది ప్రేక్షకుల ముందు. ఆస్ట్రేలియా ఆ అర్హత పోటీల్లో ఒక్క ఆట కూడా ఓడిపోని జట్టు. హ్యారీ క్యూయెల్ ఒక గోల్, ఆరేలియో విద్మార్ ఇంకో గోల్ కొట్టారు. రెండో సగం మొదలైన కాసేపటికే 2-0. ఇరాన్ గోల్‌కీపర్ ఆబెద్‌జాదే బంతులు ఆపుతూనే ఉన్నాడు. ఇక పదిహేను నిమిషాలుందనగా కరీం బాఘెరీ ఒకటి కొట్టాడు. మరి నాలుగు నిమిషాలకి ఖొదాదాద్ అజీజీ ఇంకొకటి. 2-2. పరాయి గడ్డ మీద కొట్టిన గోల్స్‌కి ఎక్కువ విలువనే నియమం వల్ల ఇరాన్ గెలిచినట్టు లెక్క. ఫ్రాన్స్ వెళ్ళే ముప్ఫై రెండు జట్లలో అదే ఆఖరిది.

టెహరాన్‌లో అప్పటికి మధ్యాహ్నం. శనివారం, అక్కడ వారంలో మొదటి పనిదినం. “క్లాసులో రేడియో పెట్టుకున్నాం. రెండో గోల్ పడగానే మా లెక్చరర్ పుస్తకం మూసి, ఇక మీ ఇష్టం అన్నారు” అని చెప్పింది మా పై వాటా అమ్మాయి. అప్పుడామెకి పంతొమ్మిదేళ్ళు. ఆఫీసుల్లోంచి, కాలేజీల్లోంచి, దుకాణాల్లోంచి జనం రోడ్ల మీదికి వచ్చేశారు. కార్లు రోడ్డు మధ్యలో ఆపి, తలుపులు తెరిచి, పాటలు పెట్టారు. మగా ఆడా కలిసి వీధిలో డాన్స్ చేశారు. ఆ దేశంలో అది అరెస్టు చేయదగ్గ పని. కొందరు స్త్రీలు తలమీద గుడ్డ తీసి గాల్లో ఊపారు. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. అన్ని లక్షలమందిని ఏ స్టేషన్లో పెడతారు?

“నేను డాన్స్ చేయలేదు. నాకు రాదు” అంది ఆమె. “ఊరికే నడిచాను. ఎవరూ నన్ను ‘నీ జుట్టు కనపడుతోంది’ అనలేదు. మూడు గంటలు నడిచాను. మూడు గంటలు ఎవరూ అనలేదు.”

మూడు రోజుల తర్వాత జట్టు తిరిగొచ్చింది. ఆజాదీ స్టేడియంలో స్వాగత సభ. ఆడవాళ్ళు ఇళ్ళలోనే ఉండి టీవీలో చూడమని రేడియోలో ప్రకటనలు. అయినా చలిలో కొన్ని వేలమంది స్త్రీలు గేటు దగ్గరికి చేరారు. తామూ ఈ దేశంలో భాగమే కదా, ఈ సంతోషం తమది కూడా కదా అని అడిగారు. పోలీసులు మొదట ఆపారు. కొంతమందిని లోపలికి వదిలి, ప్రత్యేకంగా ఒక పక్కన కూర్చోబెట్టారు. బయట మిగిలినవాళ్ళు గేటు తోసుకుని లోపలికి దూసుకెళ్ళారు. ఆ రోజు లోపలికి వెళ్ళినవాళ్ళని ఒకరు మూడు వేలన్నారు, ఒకరు అయిదు వేలన్నారు. ఎవరూ టికెట్టు ఇవ్వలేదు కాబట్టి కచ్చితమైన లెక్క ఉండే అవకాశం లేదు.

ఆ లెక్కలో ఈమె ఒకతె. తోపులాటలో కాళ్ళు నేలకి ఆనకుండానే లోపలికి వెళ్ళిపోయిందట. చెయ్యి పట్టుకుని నడుస్తున్న అక్క బయటే ఉండిపోయింది. అక్క చంకలో ఏడాది పాప ఉంది. పాపకి దెబ్బ తగులుతుందని వెనక్కి జరిగింది.

“లోపల ఏం చూశావు?” అని అడిగాను.

“ఏమీ లేదు. అది మ్యాచ్ కాదు కదా ఖానుం. ఆటగాళ్ళని హెలికాప్టర్లో తెచ్చారు. ఎక్కడో దూరంగా దిగారు. నాకు గడ్డి కనపడింది. టీవీలో చూసినదానికంటే చాలా పచ్చగా ఉంది. అది చూస్తూ కూర్చున్నాను.”

స్త్రీల చరిత్రలో పెద్ద ఘటనలు చాలాసార్లు ఇలాగే ఉంటాయి. పరిశోధకులు 1997 డిసెంబరు నాటి ఆ రోజుని ఇరాన్ స్త్రీల ఉద్యమంలో ఒక మలుపుగా రాస్తారు. అక్కడికి వెళ్ళిన పంతొమ్మిదేళ్ళ పిల్లకి గుర్తున్నది గడ్డి రంగు.

జూన్ 21 ఆట ఆ తర్వాత ఆరున్నర నెలలకి వచ్చింది. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం, జెర్లాండ్ స్టేడియం. ఎదురుగా అమెరికా. ఆ రెండు దేశాల మధ్య 1953 నాటి కుట్ర ఉంది, అమెరికా రాయబార కార్యాలయంలో 444 రోజుల నిర్బంధం ఉంది, 1988లో అమెరికా యుద్ధనౌక కూల్చేసిన ప్రయాణికుల విమానం, అందులో చనిపోయిన 290 మంది ఉన్నారు. ఆట ముందు ఇరాన్ ఆటగాళ్ళు అమెరికా వాళ్ళకి తెల్ల గులాబీలిచ్చారు. రెండు జట్లూ కలిసి ఫోటో దిగాయి. నలభయ్యో నిమిషంలో హమీద్ ఎస్తీలీ తలతో ఒక గోల్ కొట్టి, రెండు చేతులూ చాచి ఏడుస్తూ పరిగెత్తాడు. ఎనభై నాలుగో నిమిషంలో మెహ్దీ మహదవీకియా ఒంటరిగా బంతి తీసుకెళ్ళి రెండోది కొట్టాడు. చివర్లో బ్రయన్ మెక్‌బ్రైడ్ అమెరికాకి ఒకటి తెచ్చాడు. ప్రపంచ కప్పులో ఇరాన్ గెలిచిన మొట్టమొదటి ఆట అది. నేను కిటికీ మూసింది ఈ కేకల మీదే.

ఈ గెలుపుని ఎవరికి వాళ్ళు తమకి కావలసినట్టు చదువుకున్నారు. అప్పటి సర్వోన్నత నాయకుడు ఖమేనీ, బలమైన అహంకారి ప్రత్యర్థికి మరోసారి ఓటమి చేదు తెలిసిందని ఆటగాళ్ళని అభినందించారు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్, ఈ ఆట రెండు దేశాల మధ్య దూరం తగ్గించే అడుగు కావాలన్నారు. ఒకరికి అది యుద్ధం, ఒకరికి దౌత్యం. లియోన్ స్టేడియంలోనే ప్రవాస ఇరానీ స్త్రీలు తల కప్పుకోకుండా, మొహాలకి జెండా రంగులు పూసుకుని ఎగిరి గంతులేశారు. టెహరాన్ గేటు బయట ఆగిపోయినవాళ్ళు ఫ్రాన్స్ టికెట్టు కొనుక్కోగలిగితే ఇరాన్ జట్టుని చూడొచ్చన్నమాట. తల కప్పుకోని ప్రేక్షకురాళ్ళు ఇరాన్ ప్రభుత్వ టీవీలో కనిపించకుండా ఆ దృశ్యాలని కత్తిరించేవారు.

టెహరాన్‌లో ఆట ముగిసేసరికి అర్ధరాత్రి దాటింది. మళ్ళీ వీధులు నిండాయి. మళ్ళీ ఆడవాళ్ళు వచ్చారు. ఈసారి ఆమె అక్క కూడా వచ్చింది, పాపని అమ్మ దగ్గర వదిలి. “అమెరికా మీద గెలిచామని మాకెవరికీ పెద్దగా గుర్తులేదు. ఇంకో రాత్రి దొరికిందని గుర్తుంది” అంది.

నేను ఇక్కడ ఆమెతో వాదన పెట్టుకున్నాను. మన చదువులు అలాంటివి మరి. మీ దేశంలో విడాకుల్లో సమానత్వం లేదు, పిల్లల మీద హక్కు లేదు, కోర్టులో ఇద్దరాడవాళ్ళ సాక్ష్యం ఒక మగవాడి సాక్ష్యంతో సమానం. ఇవన్నీ ఉండగా ఫుట్‌బాల్ స్టేడియం గురించి పోరాటమా అన్నాను. ఈ జెండాలు, ఈ ‘మనం గెలిచాం’లు అన్నీ చివరికి రాజ్యానికే కదా పనికొచ్చేది, ఇప్పుడు కింద బైకుల మీద అరుస్తున్నవాళ్ళని చూడు అన్నాను.

ఆమె కోప్పడలేదు. ఈ వాదన తన దేశంలోనూ ఉందని చెప్పింది. 1992 నుంచి షహ్లా షెర్కత్ సంపాదకత్వంలో వస్తున్న ‘జనాన్’ అనే స్త్రీల పత్రిక వాళ్ళమ్మ ఇంటికి తెప్పించేదట. (ఆ పత్రికని 2008లో ప్రభుత్వం మూసేసింది.) స్త్రీల మధ్యే ఏది ముందు, ఏది వెనక అని తగువులు నడిచేవి. “విడాకుల చట్టం గురించి నేను పెళ్ళయ్యాక ఆలోచించేదాన్నేమో. గేటు దగ్గర ఆపినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. అప్పుడు అర్థమైంది వీళ్ళు నన్నెందుకు ఆపుతున్నారో. తర్వాత చట్టం చదివితే అక్కడా అదే ఉంది.”

నా రెండో ప్రశ్నకి ఆమె దగ్గర అంత సులువైన జవాబు లేదు. నా దగ్గరా లేదు. జాతి గెలిచినప్పుడు వచ్చే ఆనందం ఎప్పుడు ద్వేషంగా మారుతుందో చెప్పలేం. మన ఊళ్ళలో క్రికెట్ గెలుపు రాత్రుల్లో ఏ పేటల్లో తలుపులు మూసుకుంటాయో మనకి తెలుసు. కానీ ఆ రాత్రి ఒక తేడా నాకు కనిపించింది. మా వీధిలో గెలుపు ఉన్న బలాన్నే ఇంకా పెద్ద గొంతుతో అరిచింది. వీధి ఎవరిదో వాళ్ళదే అయింది. టెహరాన్‌లో ఆ రెండు సందర్భాల్లో గెలుపు వీధిని కాసేపు చేతులు మార్చింది. ప్రభుత్వం ‘జాతి సంబరం చేసుకోవాలి’ అంది. స్త్రీలు ఆ మాటని పట్టుకుని, అయితే మేమూ జాతే కదా అని బయటికొచ్చేశారు. కాదు అనడం ఆ ఒక్క రోజు ప్రభుత్వానికి కష్టమైంది. మామూలు రోజున నిరసన అంటే జైలు. గెలుపు రోజున అదే నడక అభిమానం కిందకి వస్తుంది. ఆ సందుని వాళ్ళు గుర్తుపట్టారు.

జనానా, మైదానం రెండూ మనకి ఫారసీ నుంచి వచ్చిన మాటలే. ఒకటి ఆడవాళ్ళుండే చోటు, రెండోది నలుగురూ తిరిగే చోటు. రెండోదాన్ని మనం తెచ్చుకుని చలం నవలకి పేరుగా చూసి అలవాటుపడ్డాం. వాళ్ళకి ఆ మాట ఇంకా ఒక కూడలికీ ఆటస్థలానికీ పేరే, తాళం ఉన్న చోటే.

తెల్లవారాక ఏమైంది? మామూలే. వీధి వెనక్కి తీసుకున్నారు. 2001 నవంబరు 15న ఆజాదీలో ఐర్లాండ్‌తో ఆట జరిగింది. ఐర్లాండ్ నుంచి వచ్చిన కొద్దిమంది స్త్రీ అభిమానుల్ని లోపల కూర్చోనిచ్చారు. ఇరాన్ స్త్రీలు బయటే. 2005 జూన్ 8న బహ్రెయిన్ మీద 1-0తో గెలిచి ఇరాన్ మళ్ళీ ప్రపంచ కప్పుకి వెళ్ళింది. ఆ రోజు తెల్ల స్కార్ఫులు కట్టుకున్న స్త్రీలు గేటు ముందు నిలబడి, గొడవపడి, దెబ్బలు తిని, వందమంది దాకా రెండో సగానికి లోపలికి వెళ్ళారు. ‘తెల్ల స్కార్ఫులు’ అన్నదే తర్వాత వాళ్ళ ఉద్యమం పేరయింది. జఫర్ పనాహీ ‘ఆఫ్‌సైడ్’ సినిమాలో కొంత భాగం తీసింది ఆ ఆట రోజునే, ఆ స్టేడియం దగ్గరే. మగవేషం వేసుకుని వెళ్ళి దొరికిపోయిన ఆడపిల్లలని స్టేడియం గోడ వెనక కంచెలో నిలబెడతారు. వాళ్ళకి ఆట కనిపించదు, జనం కేకలు వినిపిస్తాయి. ఆ సినిమా చూస్తున్నంతసేపూ నాకు మా హాస్టల్ కిటికీ గుర్తొచ్చింది. ఆ సినిమాకి 2006లో బెర్లిన్‌లో బహుమతి వచ్చింది. ఇరాన్‌లో నిషేధించారు. అదే ఏడాది ఏప్రిల్లో అధ్యక్షుడు అహ్మదీనెజాద్ స్త్రీలని స్టేడియంలోకి రానిస్తామని ప్రకటించారు. మతపెద్దలు ఒప్పుకోలేదు. నెల తిరిగేలోపు ఖమేనీ ఆ నిర్ణయాన్ని రద్దు చేశారు.

మా పై వాటా అమ్మాయి చదువు పూర్తిచేసి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇంకో దేశంలో ఉంది. ఆజాదీ గురించి వార్త వచ్చినప్పుడల్లా మేం మాట్లాడుకుంటాం.

2019 సెప్టెంబరులో మాట్లాడుకున్నప్పుడు చాలాసేపు ఇద్దరం ఊరుకున్నాం. సహర్ ఖొదాయారీ అనే యువతి ఎస్తెఘ్లాల్ జట్టు అభిమాని. ఆ జట్టు రంగు నీలం. ఆ ఏడాది మార్చిలో మగవేషంలో ఆజాదీకి వెళ్ళబోయి పట్టుబడింది. జైలుశిక్ష పడొచ్చని తెలిసి సెప్టెంబరు 2న కోర్టు ముందు నిప్పంటించుకుంది. 9న చనిపోయింది. ‘నీలి అమ్మాయి’ అని ప్రపంచమంతా ఆమెని పిలిచింది. అప్పటిదాకా మెల్లగా నచ్చచెబుతూ వచ్చిన అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా మీద ఒత్తిడి పెరిగింది. దాంతో ఇరాన్ మీదా పెరిగింది. అక్టోబరు 10న కంబోడియాతో జరిగిన ఆటకి స్త్రీల కోసం మూడున్నర వేల టికెట్లు అమ్మారు. అంత పెద్ద స్టేడియంలో మూడున్నర వేలు, అదీ వేరే కంచెలో. ఇరాన్ 14-0తో గెలిచింది. బలమైన ప్రత్యర్థులేమీ కాదు, ఆట పరంగా చెప్పుకోదగ్గ గెలుపూ కాదు. ఆ స్త్రీలు మాత్రం పద్నాలుగు గోల్స్‌కీ పద్నాలుగుసార్లు లేచి అరిచారు.

అందులో ఆమె అక్క ఉంది. 1997లో చంకలో ఉన్న పాప ఇరవై మూడేళ్ళ పిల్లయి పక్కన ఉంది. టికెట్లు ఆన్‌లైన్‌లో ఆ పిల్లే కొన్నదట. అక్క ఫోన్లో ఏం చెప్పిందని అడిగాను. “నువ్వు చెప్పింది నిజమే, గడ్డి చాలా పచ్చగా ఉంది అంది.”

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం ఒక గెలుపు కథ అవుతుంది. కాదు. 2022 మార్చి 29న మషద్ నగరంలో లెబనాన్‌తో ఆటకి టికెట్లు కొనుక్కుని వచ్చిన స్త్రీలని గేటు దగ్గరే ఆపి, కళ్ళల్లో మిరియాల స్ప్రే కొట్టారు. ఆ సెప్టెంబరు 16న, తల సరిగా కప్పుకోలేదని నైతిక పోలీసులు పట్టుకెళ్ళిన ఇరవై రెండేళ్ళ కుర్దు యువతి మహ్సా అమీనీ చనిపోయింది. ‘స్త్రీ, జీవితం, స్వేచ్ఛ’ అంటూ దేశం లేచింది. స్టేడియం పేరుగా మిగిలిన ఆజాదీ అన్న మాట మళ్ళీ వీధిలోకి వచ్చింది. వందలమంది చనిపోయారు.

ఆ మధ్యలోనే ఖతార్‌లో ప్రపంచ కప్పు. మొదటి ఆటలో ఇరాన్ ఆటగాళ్ళు జాతీయగీతం పాడకుండా నిలబడ్డారు. నవంబరు 25న వేల్స్ మీద 2-0తో గెలిచారు. ఆ రాత్రి టెహరాన్‌లో నిరసనకారుల్ని కొట్టే పోలీసులే జెండాలు ఊపుతూ సంబరం చేసుకున్న వీడియోలు వచ్చాయి. తర్వాతి ఆట మళ్ళీ అమెరికాతో. తేదీ నవంబరు 29. మెల్‌బోర్న్ ఆట జరిగి సరిగ్గా పాతికేళ్ళు. ఇరాన్ 1-0తో ఓడిపోయింది. ఓడిపోయినందుకు ఇరాన్‌లో చాలా ఊళ్ళలో జనం వీధుల్లోకొచ్చి హారన్లు మోగించారు, డాన్స్ చేశారు. అన్జలీ అనే రేవు పట్నంలో అలా కారు హారన్ మోగించిన ఒక యువకుడు తుపాకీ గుండుకి చనిపోయాడు. భద్రతా దళాలే కాల్చాయని మానవ హక్కుల సంఘాలు చెప్పాయి.

ఆ రాత్రి ఆమే ఫోన్ చేసింది. “ఖానుం, మీరు ఆనాడు అడిగారు కదా, ఈ గెలుపులు చివరికి ఎవరివి అని. ఇవాళ మా మేనకోడలు మా జట్టు ఓడినందుకు వీధిలో ఉంది. నాకు ఏడుపొస్తోంది. ఓడినందుకో, ఆమె వీధిలో ఉన్నందుకో తెలియడం లేదు.”

చరిత్ర చదివేవాళ్ళకి ఈ రెండు రాత్రులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. 1998లో అమెరికా మీద గెలిచినందుకు వీధిలోకి వచ్చిన స్త్రీలు, 2022లో అమెరికా చేతిలో ఓడినందుకు వీధిలోకి వచ్చిన స్త్రీలు వెతుక్కున్నది ఒకటే. మొదటిసారి ప్రభుత్వం ఆ గెలుపుని తనదనుకుంది, వాళ్ళు దాన్ని తమవైపు తిప్పుకున్నారు. పాతికేళ్ళలో ప్రభుత్వం ఆ జట్టుని పూర్తిగా తన చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు వాళ్ళు గెలుపుని దానికే వదిలేసి, ఓటమిని తీసుకున్నారు. అలా వదులుకోవడంలో ఎంత బాధ ఉంటుందో ఆట అంటే ఇష్టం లేని నాలాంటివాళ్ళకి తెలియదు. అజీజీ గోల్‌కి క్లాసులోంచి పరిగెత్తిన మనిషికి తెలుస్తుంది.

2023 డిసెంబరులో టెహరాన్‌లోని రెండు పెద్ద జట్లు, పెర్సెపోలిస్, ఎస్తెఘ్లాల్, ఆడిన ఆటకి స్త్రీలని రానిచ్చారు. ‘రానిచ్చారు’ అనే రాయాల్సి వస్తోంది. ఏ రోజు ఎంతమందిని, ఏ మూల కూర్చోబెట్టాలో చెప్పే అధికారం వాళ్ళదే.

ఆట రికార్డు పుస్తకాల్లో ప్రతి మ్యాచ్‌కీ ప్రేక్షకుల సంఖ్య రాస్తారు. 1997 నవంబరు 22న ఆజాదీలో ఆస్ట్రేలియాతో జరిగిన ఆటకి 1,28,000 మంది అని ఉంది. ఆ అంకెలో ఇరానీ స్త్రీ ఒక్కతె కూడా లేదు. పది రోజుల తర్వాత అదే చోటికి గేటు తోసుకుని వచ్చినవాళ్ళు ఏ పట్టికలోనూ లేరు, ఎందుకంటే ఆ రోజు ఆట లేదు. నేను నా పాత డైరీలో 1998 జూన్ 22 పేజీ తీసి చూశాను. ‘రాత్రంతా గోల, చాప్టర్ ముందుకు సాగలేదు’ అని రాసుకున్నాను. దాన్ని కొట్టేయలేదు. కింద ఆమె చెప్పిన మాట రాసిపెట్టాను: మూడు గంటలు నడిచాను, ఎవరూ ఏమీ అనలేదు.